ఎర్రసిరా ఒప్పుకోని ఒప్పందం

మాట్లాడే వస్తువు కనిపిస్తే ఎర్రసిరాకు ఒళ్ళు మండుతుంది. వస్తువన్నది నోరు మూసుకుని పని చెయ్యాలని ఆవిడ అభిప్రాయం. పక్కవాటా వాళ్ళు తలుపుకు కెమెరా ఉన్న కాలింగ్ బెల్ పెట్టించినప్పుడు దాని ముందు నిలబడి, "నా మొహంతో నీకేం పనే?" అని అడిగి, దాన్ని ముట్టుకోకుండా పిడికిలితో తలుపు బాదింది. కూతురింట్లో బట్టలుతికే మిషను పని ముగించి పాట పాడితే, "నాలుగు జతలు ఉతికినందుకు కచేరీ కూడానా! నేను నలభై ఏళ్ళు ఉతికాను, ఒక్కరోజైనా పాడానా?" అంది. ఫోన్లంటే ఒక రకం కోపం, ఫోను లేనిదే వెలగని లైట్లంటే ఇంకో రకం కోపం. గోడమీది స్విచ్చికి ఏం రోగమొచ్చిందో ఎవరైనా చెప్పమని చాలాకాలంగా అడుగుతోంది. ఎవరూ చెప్పలేదు.

ఎర్రసిరా అన్నది ప్రెస్సువాళ్ళు పెట్టిన పేరు. చట్టాల పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రూఫులు దిద్దింది. ఆవిడ బల్ల మీదికి తెల్లగా వెళ్ళిన కాగితం దద్దుర్లు లేచినట్టు తిరిగొచ్చేది. ఉద్యోగం అయిపోయాక దిద్దడానికి ప్రూఫులు లేవు గాని, చదివే జబ్బు మాత్రం వదల్లేదు. కుక్కరు కొన్నా, గొడుగు కొన్నా, డబ్బా అడుగున పడి ఉండే సన్న అక్షరాల కాగితాన్ని పైకి తీసి, భూతద్దం పెట్టుకుని ఆసాంతం చదువుతుంది. ఒకసారి ఎలక్ట్రిక్ కెటిల్ గ్యారంటీ కాగితంలో 'నీటివల్ల కలిగే నష్టాలకు మేము బాధ్యులం కాము' అన్న ముక్క పట్టుకుంది. కెటిల్‌ని సంచిలో వేసుకుని షాపుకు పోయి, "మరి ఇందులో ఇసుక కాచుకోమంటారా?" అని నలుగురిలో నిలదీసింది. మేనేజరు కిక్కురుమనకుండా వేరే కంపెనీది ఇచ్చి పంపాడు.

ఇక ఫోన్లలో వచ్చే ఒప్పందాలంటే ఆవిడకు పగ. "చివర 'చదివాను, ఒప్పుకుంటున్నాను' అని ఉంటుంది చూడు. ఊరూవాడా కలిసి రోజూ ఆడే అబద్ధం అది. చదవలేదని రాయించుకున్నవాడికి తెలుసు, రాసినవాడికి తెలుసు. మా ప్రెస్సు పుస్తకాల్లో దీన్ని మోసం అనేవాళ్ళు. ఇప్పుడు సేవ అంటున్నారు" అనేది.

ఈ మాటలు ఎక్కువగా అల్లుడికి తగిలేవి. అల్లుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొత్త వస్తువు ఏది బజార్లోకి వచ్చినా వారం తిరక్కుండా అతని ఇంట్లో ఉండాల్సిందే. అతను గోడంత టీవీ కొన్నప్పుడు, అందరూ భోజనాలకు కూర్చున్న చోట ఎర్రసిరా ఆ టీవీ నిబంధనలు పైకి చదివింది. గదిలో ఎవరేం మాట్లాడుకున్నా ఆ టీవీ వినొచ్చునని అందులో ఉంది. పెరుగన్నం దాకా వచ్చిన వియ్యపురాలు మాట మధ్యలో ఆపేసి, మళ్ళీ ఆ గదిలో నోరు విప్పలేదు. అప్పటినుంచి అల్లుడు ఆవిడను "అత్తయ్యగారూ" అని పిలిచే తీరులోనే విసుగు వినబడేది. ఆవిడ "అల్లుడుగారూ" అనే తీరూ అంతకన్నా తియ్యగా ఏమీ ఉండేది కాదు.

ఆవిడ భర్తను అందరూ మిషన్ మాస్టారు అంటారు. అదే ప్రెస్సులో పెద్ద అచ్చుయంత్రం నడిపాడు. ఆ యంత్రం ఆయనకు జీతం ఇచ్చింది, పెళ్ళాన్ని ఇచ్చింది, వదులుకునేటప్పుడు చెవులు రెండూ ఉంచేసుకుంది. అరవై దాటేసరికి మనిషి కదిలే పెదవులు చూసి తల ఊపడం తప్ప ఆయనకు మాట అందేది కాదు. పెళ్ళిళ్ళలో ఓ మూల కుర్చీ చూసుకుని కూర్చునేవాడు. ఎవరైనా నవ్వితే తనూ నవ్వేవాడు, ఒక్క క్షణం ఆలస్యంగా.

రెండేళ్ళ కిందట అల్లుడు ఆయనకు చెవి మిషన్లు తెచ్చిపెట్టాడు. చిక్కుడు గింజంత ఉంటాయి. ఫోనులో ఒక యాప్ ఉంటుంది, దానితో మాటలు పెంచుకోవచ్చు, రోడ్డు మోత తగ్గించుకోవచ్చు. పెట్టుకున్న మొదటిరోజు మాస్టారు వంటింట్లోకి వచ్చి, "ఆ టిక్కుటిక్కు ఏమిటే?" అన్నాడు. పంపు కారుతోంది. "ఎప్పట్నించి?" అంటే, "ఆరేళ్ళ నించి" అంది ఎర్రసిరా. ఆయన స్టూలు వేసుకుని కూర్చుని ఆ చప్పుడు చాలాసేపు విన్నాడు. ఆవిడ ఆ రోజు మాత్రం ఏ కాగితమూ చదవలేదు. అల్లుణ్ణి కూడా ఏమీ అనలేదు.

రెండేళ్ళు బాగానే గడిచాయి. ఒక నెల రెండో తారీఖు పొద్దున మాస్టారు చెవులు తడుముకుంటూ వచ్చాడు. "గీపెడుతున్నాయి. ఫ్యాను మోతే గాని నీ మాట రావడం లేదు" అన్నాడు. ఫోను చూస్తే యాప్ తెరుచుకోవడం లేదు. దాని బదులు ఒక తెల్లటి తెర. 'మా నిబంధనలు మారాయి. కొనసాగడానికి ఒప్పుకోండి.' కింద ఆకుపచ్చ మీట. ఒప్పుకోను అనడానికి మీట లేదు. ఒప్పుకునేదాకా మిషన్లు రెండూ ఫ్యాక్టరీలో పుట్టినప్పటి అమరికకు పోయి కూర్చున్నాయి. ఇన్నాళ్ళూ ఆయన చెవికి తగ్గట్టు దిద్దినదంతా ఆ మీట వెనక ఉండిపోయింది.

మాస్టారు వేలు ఆకుపచ్చ మీద పడబోయింది. ఎర్రసిరా చెయ్యి పట్టుకుంది.

"ఆగండి. చదవాలి."

"ఏంటీ?"

ఆవిడ ఒక చీటీ చింపి రాసింది: 'చదివేదాకా ముట్టుకోవద్దు.' ఆయన చీటీ చూసి, ఫోను చూసి, నిట్టూర్చి ఫోను ఆవిడ చేతిలో పెట్టాడు.

వీధి చివర జిరాక్సు షాపులో ఒప్పందమంతా కాగితాల మీదికి తీయిస్తే డెబ్భై నాలుగు పేజీలైంది. ఎర్రసిరా కిటికీ దగ్గర బల్ల వేసుకుని, పాత అలవాటు ప్రకారం ఎర్ర పెన్ను పట్టుకుని నాలుగు రోజులు చదివింది. అచ్చుతప్పులు నలభై దొరికాయి, వాటిని పట్టించుకోలేదు. తొమ్మిదో క్లాజు దగ్గర ఆగింది. 'సేవను మెరుగుపరిచేందుకు మీ పరిసరాల్లోని శబ్దాల నమూనాలను సేకరించి మా భాగస్వాములతో పంచుకోవచ్చు' అని ఉంది. భాగస్వాములు ఎవరో వెతికితే డెబ్భై నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఇరవై మూడో క్లాజు ఇంకా బావుంది. పరికరం కొన్నవారిదే. అందులోని సాఫ్ట్‌వేర్ మాత్రం అమ్మలేదు, వాడుకోవడానికి అనుమతి ఇచ్చారంతే. ఆ అనుమతిని కంపెనీ ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండానైనా వెనక్కి తీసుకోవచ్చు.

ఎర్రసిరా కూతురికి ఫోన్ చేసింది. ఫోను అల్లుడు అందుకున్నాడు.

"అల్లుడుగారూ, మీరు మీ మామయ్యగారికి చెవులు కొనిచ్చారనుకున్నాను. అద్దెకు తెచ్చారట కదా."

"మళ్ళీ ఏమైంది అత్తయ్యగారూ?"

ఆవిడ రెండు క్లాజులూ చదివి వినిపించింది. అవతలనుంచి కొంచెంసేపు కీబోర్డు మీద టకటకలు వినిపించాయి. అతను వేరే పని చేసుకుంటున్నాడు.

"అవన్నీ మామూలేనండీ. అన్ని కంపెనీలూ అలాగే రాస్తాయి. లాయర్లు రాసిన గొడవ అది. ఎవరు చదువుతారు?"

"నేను."

"మీరిద్దరూ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో వినడానికి అక్కడెవడూ ఖాళీగా కూర్చోలేదు అత్తయ్యగారూ. కూరలో ఉప్పెక్కువైందన్న మాట వాళ్ళేం చేసుకుంటారు?"

"ఏమీ చేసుకోనప్పుడు ఎందుకడుగుతున్నారు? మీ పడకగది తలుపు తీసిపెట్టమని వీధిలోవాడు వచ్చి అడిగితే, నేనేం చూడనులే, ఊరికే తెరిచి ఉంచండి అంటే ఉంచుతారా?"

"అయితే ఆయన్ని చెవిటివాడిగా ఉంచండి. మీ పంతం నెగ్గుతుంది" అని అల్లుడు ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట ఎర్రసిరాకు గుచ్చుకుంది. గుచ్చుకుంది కాబట్టే ఇంకా బిగుసుకుంది.

మర్నాడు మాస్టారిని వెంటబెట్టుకుని చెవుల షాపుకు వెళ్ళింది. అక్కడి అమ్మాయి మంచిదే. మిషన్లు వైరుకు తగిలించి కంప్యూటరు ముందు కూర్చుంది. దాని తెర మీద కూడా అదే ఆకుపచ్చ మీట ప్రత్యక్షమైంది.

"మాకూ లోపలికి దారి లేదు ఆంటీ. సార్ ఒప్పుకుంటేనే మాకు తెరుచుకుంటుంది."

"నువ్వు చదివావా ఇది?"

అమ్మాయి నాలుక కరుచుకుంది. "మాకు ట్రైనింగులో చెప్పలేదు ఆంటీ."

అక్కణ్ణుంచి రేడియోల మెకానిక్ దగ్గరికి వెళ్ళారు. సన్నటి సందులో, మనిషి పక్కకు తిరిగితే గాని దూరలేని కొట్టు అతనిది. పాతకాలం చెవి మిషన్లు అతని చేతిలో వందలు బాగుపడ్డాయి. వీటిని కంటికి అద్దం పెట్టుకుని చూసి, ఈగను వదిలినట్టు గుడ్డ మీద వదిలేశాడు.

"ఇదివరకు చిన్న మర ఉండేదమ్మా. స్క్రూడ్రైవర్‌తో సగం చుట్టు తిప్పితే మాట వచ్చేది. వీటిలో మర లేదు, తాళం ఉంది. ఆ తాళం తీసేవాళ్ళు ఉన్నారు, నాకూ తెలుసు. కానీ కంపెనీ తాళం తీస్తే నేరమట. కిందటేడు మా పక్కసందులో ప్రింటర్లు చేసే కుర్రాడికి నోటీసు వచ్చింది. ఇంకులో చిప్పు మార్చాడని."

"నా ఇంటి తాళం నేను పగలగొట్టుకుంటే నేరమా?"

"ఇల్లు మీదేనమ్మా. తాళం వాళ్ళది" అన్నాడు మెకానిక్. అతని గొంతులో కూడా చేదు ఉంది. "నలభై ఏళ్ళు నేర్చుకున్న పని. ఇప్పుడు నేను చెయ్యగలిగింది బ్యాటరీ మార్చడం."

మాస్టారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ, మాట అందక, కొట్టులో వేలాడుతున్న రేడియో డొక్కులు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు.

ఎర్రసిరా ఇంటికి వచ్చి కాగితాలు మళ్ళీ మొదటినుంచి చదివింది. నలభై ఒకటో క్లాజులో, ఒక పొడుగాటి వాక్యం తోక దగ్గర, కావలసింది దొరికింది. శబ్దాల సేకరణకు ఇష్టపడనివారు కొత్త నిబంధనలు ఒప్పుకోకముందే, ముప్పై రోజుల్లోగా కంపెనీ ప్రధాన కార్యాలయానికి పోస్టులో రాతపూర్వకంగా తెలియజేస్తే వారిని మినహాయిస్తారు. ఫోనులో కాదు, యాప్‌లో కాదు, పోస్టులో. కంపెనీ నంబరుకు ఫోన్ చేసి ఈ సంగతి చెబితే, అక్కడి పిల్లవాడు, "అలాంటి రూలు లేదు మేడమ్" అన్నాడు. "ఉంది బాబూ, మీదే, నలభై ఒకటో క్లాజు" అంటే, ఫోనులో పాట పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆ పాట ఇరవై నిమిషాలు విని, ఫోన్ పెట్టేసి, ఉత్తరం రాసి, ఎనిమిదో తారీఖున రిజిస్టరు పోస్టు చేసింది.

జవాబు వచ్చేదాకా ఇంట్లో మాటలన్నీ చీటీల మీదే. 'అన్నం', 'మందు వేసుకున్నారా', 'చలిగా ఉంది స్వెట్టర్'. మొదట్లో మాస్టారు చీటీల వెనకవైపు జవాబులు రాసేవాడు. తర్వాత తల ఊపడంతో సరిపెట్టాడు. తర్వాత అదీ తగ్గింది.

పదో తారీఖు మధ్యాహ్నం, సీసం బావ ఆసుపత్రిలో ఉన్నాడని ఆయన భార్య మనిషిని పంపింది. సీసం బావ అదే ప్రెస్సులో కంపోజిటరు. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో ఏరి పేర్చేవాడు కనుక ఆ పేరు. మాస్టారికి ప్రాణస్నేహితుడు, చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఎర్రసిరాకు మాత్రం ఆయనతో ముప్పై ఎనిమిదేళ్ళుగా ముభావమే. దానికి కారణం ఉంది. ఒక చట్టం పుస్తకంలో 'విచారించక శిక్షించరాదు' అని ఉండాల్సిన చోట 'విచారించి శిక్షించరాదు' అని అచ్చయింది. పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించి చీటీలు అంటించారు. తను సరిగానే దిద్దానని ఎర్రసిరా, దిద్దలేదని సీసం బావ. ఆ దిద్దిన ప్రూఫు కాగితం ఎక్కడా దొరకలేదు. యజమాని అందరి ముందూ, "కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా అమ్మా?" అన్నాడు. ఆవిడ ఫైలులో మందలింపు కాగితం ఒకటి చేరింది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో అదొక్కటే మచ్చ.

ఆసుపత్రిలో సీసం బావ మంచం మీద కర్రపుల్లలా ఉన్నాడు. గొంతు ఆపరేషనయ్యాక గాలి తప్ప గొంతు లేదు. ఎర్రసిరా పలకరిస్తే కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ ఆయన భార్యతో మందులకోసం కిందికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మాస్టారు మంచం మీదికి సగం వంగి, స్నేహితుడి నోటి దగ్గర చెవి పెట్టి ఉన్నాడు. సీసం బావ ఏదో చెబుతున్నాడు. మాస్టారు "ఏంటి బావా? ఏంటీ?" అని అరుస్తున్నాడు. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారు. పెన్సిలు చేతికిస్తే సీసం బావ వేళ్ళు దాన్ని నిలపలేకపోయాయి. పుట్టెడు అక్షరాలు ఏరిన వేళ్ళు అవి. చివరికి అలిసిపోయి గోడవైపు తిరిగాడు.

బస్సులో మాస్టారు చీటీ అడిగి, 'నొక్కేస్తాను' అని రాశాడు.

ఎర్రసిరా కింద రాసింది: 'ఉత్తరం పోయింది. నాలుగు రోజులు ఆగండి. ఇప్పుడు నొక్కితే ఆ ఉత్తరం చెల్లదు.'

మాస్టారు ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటిదాకా కిటికీలోంచే చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఒక్కడే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళొచ్చాడు. పదిహేనో తారీఖున సీసం బావ పోయాడు. ఎర్రసిరా కూడా వెళ్ళింది, ఆయన భార్య పక్కన కూర్చుంది, అక్కడ చెయ్యవలసిన పనులన్నీ చేసింది. కోపం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇరవై నాలుగో తారీఖున కంపెనీ నుంచి కవరు వచ్చింది. ఎర్రసిరా దాన్ని కత్తెరతో అంచు వెంట కత్తిరించి, కిటికీ దగ్గర నిలబడి చదివింది.

'మీరు ఈ నెల పదకొండవ తేదీ ఉదయం తొమ్మిది గంటల ముప్పై ఏడు నిమిషాలకు నూతన నిబంధనలను అంగీకరించియున్నందున మీ అభ్యర్థనను పరిశీలించుటకు వీలుపడదు.'

మళ్ళీ చదివింది. గోడ మీది క్యాలెండరు చూసింది. మాస్టారు కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు, ఆమెకు వీపు పెట్టి. పదమూడు రోజులుగా ఆ వీపుకే చీటీలు అందిస్తోంది తను.

గొంతు పెంచకుండా, పక్కవాళ్ళతో అన్నట్టుగా అంది: "అల్లుడుగారు వస్తున్నట్టున్నారు, మెట్ల మీద చప్పుడవుతోంది."

మాస్టారు తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. చూశాక అర్థమైంది ఆయనకు. పేపరు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళు నటిద్దామనుకున్నారు?" అంది ఎర్రసిరా.

"నీ ఉత్తరానికి జవాబొచ్చేదాకా. వాళ్ళు సరేనంటే నేను నొక్కిన సంగతి నీకు తెలియక్కర్లేదనుకున్నాను."

"ఈ పదమూడు రోజులూ నేను అనుకున్నవన్నీ విన్నారన్నమాట. వంటింట్లో, పెరట్లో."

"విన్నాను. ముసలాడికి చెవులు పోయినా మొండితనం పోలేదన్నావు. మన అల్లుణ్ణి ఏమన్నావో నేను చెప్పను." ఆయన పేపరు మడిచాడు. "'మా ఆయన నవ్వి ఎన్నాళ్ళైందో' అని కూడా అన్నావు. బట్టలు ఆరేస్తూ."

ఎర్రసిరా మొహం ఎర్రబడింది. సిగ్గో కోపమో ఆవిడకే తెలియలేదు. "నేను వాళ్ళతో తగూ పడుతున్నది ఎవరికోసం? నాలుగు రోజులు కళ్ళు పొడుచుకుని చదివింది ఎవరికోసం? ఒక్క వేలితో అంతా తుడిచేశారు. ఇప్పుడు చూడండి, మొగుడు ఒప్పుకున్నాడు, పెళ్ళానికేం నొప్పి అని నా మొహాన రాశారు. నిమిషాలతో సహా!"

"నొక్కాను. ఆసుపత్రి వరండాలో నిలబడి నొక్కాను. మళ్ళీ నొక్కమన్నా నొక్కుతాను" అన్నాడు మాస్టారు. ఆయనా లేచి నిలబడ్డాడు. "అవతల మనిషి పోతున్నాడు. నీ క్లాజు కోసం ఆగుతాడా వాడు?"

"ఏం చెప్పాడంత కొంప మునిగే మాట?"

మాస్టారు తటపటాయించాడు. తర్వాత చెప్పాడు. గాలిలాంటి గొంతుతో సీసం బావ చెప్పింది ఇదీ. ఆ పుస్తకంలో ఆ తప్పు చెల్లెమ్మది కాదు. ఆవిడ సరిగానే దిద్దింది, తనూ సరిచేశాడు. అచ్చుకు ఎక్కించేముందు అక్షరాలు పేర్చిన పలక జారి రెండు పంక్తులు చెదిరిపోయాయి. టైమైపోయిందని హడావుడిలో జ్ఞాపకం మీద మళ్ళీ పేర్చాడు. 'విచారించక' బదులు 'విచారించి' పడింది. గొడవ మొదలయ్యాక ప్రూఫు కాగితం తీసి పొయ్యిలో పెట్టాడు. చెబుదాం చెబుదాం అనుకుంటూనే ముప్పై ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి. ఆవిడ కళ్ళలోకి చూసి చెప్పే ధైర్యం లేదు, నువ్వు చెప్పు బావా అన్నాడట.

ఎర్రసిరా చేతిలో ఉన్న కంపెనీ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది.

"కాల్చేశాడా?" అంది చివరికి.

"కాల్చేశానన్నాడు."

"పదకొండో తారీఖున విన్న మాట ఇరవై నాలుగున చెబుతున్నారు. పదిహేనున నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అప్పుడైనా చెప్పలేదు."

"చెబితే నొక్కానని తెలిసిపోతుంది."

"మంచి స్నేహితులే ఇద్దరూ" అని ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ సాయంత్రం వంట మాస్టారే చేశాడు. పప్పు అడుగంటింది. ఇద్దరూ అదే తిన్నారు.

అంతటితో వదిలేస్తే ఎర్రసిరా ఎలా అవుతుంది? వినియోగదారుల ఫిర్యాదులు వినే ఆఫీసులో అర్జీ పెట్టింది. 'వద్దు అనే మీట లేకుండా ఒప్పుకోమనడం, ఒప్పుకునేదాకా మనిషి చెవులు మూసిపెట్టడం ఒప్పందం కాదు, బలవంతం' అని రాసింది. అల్లుడు ఫోన్ చేసి, "పరువు పోతుంది అత్తయ్యగారూ" అన్నాడు. "మీ పరువు కూడా వాళ్ళ దగ్గరే ఉందా?" అంది.

విచారణ రోజున కంపెనీ తరఫున ఒక యువ లాయరు పలకలాంటి కంప్యూటరు పట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ నలగని కోటు. ఫిర్యాదుదారు భర్త ఇష్టపూర్వకంగా, పూర్తిగా చదివి అంగీకరించారని చెప్పాడు.

ఎర్రసిరా లేచింది. "బాబూ, పదిహేడో క్లాజులో ఏముందో ఆ పలక చూడకుండా చెప్పు."

లాయరు అధికారి వైపు చూశాడు.

"మీరు చదివారా అండీ?" అన్నాడు అధికారి. ఆయనకు నిజంగానే తెలుసుకోవాలనిపించినట్టుంది.

"సారాంశం చదివాను సర్."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి కూడా పెదవులు బిగబట్టాడు. ఆ తర్వాత మాస్టారిని పిలిచి, ఆ మీట మీరే నొక్కారా అని అడిగాడు. అబద్ధం చెబితే గెలుస్తామని మాస్టారికి తెలుసు. ఎవరో పొరపాటున నొక్కారనొచ్చు. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ మొహం గోడలా ఉంది.

"నేనే నొక్కానండీ. వినబడాలని నొక్కాను. చదవలేదు. చదివి ఉన్నా నొక్కేవాణ్ణి. నాకు అక్కడ ఇంకో దారి పెట్టలేదు వాళ్ళు" అన్నాడు.

అధికారి ఆ మాట రాసుకున్నాడు. రాసుకున్నా లాభం లేకపోయింది. మూడు వారాల తర్వాత వచ్చిన తీర్పులో, అంగీకారం రుజువైనందున ఫిర్యాదు కొట్టివేస్తున్నామని ఉంది. పోస్టులో ఉత్తరం రాసి పొందే మినహాయింపును యాప్‌లోనే ఇస్తే బాగుంటుందని కంపెనీకి ఒక సూచన. సూచన అంటే చెయ్యకపోయినా ఏమీ కాదు. కంపెనీ ఏమీ చెయ్యలేదు.

ఎర్రసిరా తీర్పు చదివి, రెండు అచ్చుతప్పులు దిద్ది, ఫైలులో పెట్టింది. చెవుల షాపు అమ్మాయి ఒకరోజు ఫోన్ చేసి, "ఆంటీ, ఆ నలభై ఒకటో క్లాజు సంగతి నేను వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను, నొక్కకముందే. ఇప్పటికి పదకొండుమంది ఉత్తరాలు రాశారు" అంది. "వాళ్ళకి జవాబులొచ్చాయా?" అంటే, ముగ్గురికి వచ్చాయని చెప్పింది. ముగ్గురినీ మినహాయించారు.

"చూశారా" అంది ఎర్రసిరా భర్తతో. "ఆగి ఉంటే మనమూ..." అని, మధ్యలో ఆపేసింది.

ఆ మిషన్లు మాత్రం మాస్టారి చెవుల్లోనే ఉన్నాయి. "నీకు అంత కష్టంగా ఉంటే తీసేస్తాను" అని ఆయన ఒకటికి రెండుసార్లు అన్నాడు. "తీసి ఏం చేస్తారు, మళ్ళీ చీటీలా? నా చెయ్యి పడిపోయింది" అంది. చాలా రోజులపాటు ఇంటి సంగతులు మాట్లాడవలసి వస్తే ఆ మిషన్లు తీయించి, డబ్బాలో పెట్టించి, ఆయన ఎడమ చెవిలో అరిచేది. ఆ అరుపు మూడిళ్ళకు వినిపించేది. పక్కవాటా ఆవిడ, "రహస్యాలు బాగున్నాయి వదినగారూ" అని నవ్వాక అది మానుకుంది.

ఒకరోజు పొద్దున టీ తాగుతూ, ఎర్రసిరా కుర్చీ భర్త దగ్గరికి లాక్కుంది. ఆయన చెవిలోకి వంగి, ఆయనతో కాకుండా ఆ మిషనుతోనే మాట్లాడినట్టు, ప్రెస్సులో చదివి వినిపించే గొంతుతో నిదానంగా మొదలుపెట్టింది.

"రాసుకోండి. మీ తొమ్మిదో క్లాజు రాసినవాడికి భాష రాదు, కామా. సిగ్గు కూడా లేదు, ఫుల్‌స్టాప్. కొత్త పేరా. మీ భాగస్వాములెవరో వాళ్ళక్కూడా ఇదే నా అభిప్రాయం, ఫుల్‌స్టాప్."

మాస్టారి టీ పొలమారింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా దగ్గి, దగ్గు ఆగాక నవ్వాడు.

"నవ్వకండి. ఇంకా పదిహేడో క్లాజు ఉంది" అంది ఎర్రసిరా, కళ్ళజోడు సర్దుకుంటూ. మాస్టారు కప్పు కింద పెట్టి, చెవి ఆవిడ వైపు తిప్పి కూర్చున్నాడు.